జవాబుకు విడిచిన జాగా

"గంట పడ్తది మేడం. ఫ్రేమ్‌దేముంది, పది నిమిషాల పని. గీ చెయ్యి తీసుడుకే టైం" అన్నాడు ఫోటోల షాపు లింగస్వామి, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపిస్తూ.

ఆ చెయ్యి జోస్నాదే. డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు కాలేజీ మెట్ల మీద అమ్మ పక్కన నిలబడి, అమ్మ భుజం మీద వేసిన చెయ్యి. అమ్మ ఒక్కతే ఉన్న మంచి ఫోటో ఇంకోటి లేదు. ఆధార్ కార్డులో కాంతమ్మను ఎవరో తిట్టి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పెళ్లి ఆల్బంలో సగం మొహం పూలదండ చాటుకు పోయింది. పళ్లన్నీ కనబడేట్టు నవ్విన ఫోటో ఇదొక్కటే. అందుకని ఇందులోంచి జోస్నాను కత్తిరించాలి, కత్తిరిస్తే తెల్లచీర మీద ఎవరివో తెలియని ఐదు వేళ్లు మిగిలిపోతాయి. "ఉంచుమంటే ఉంచుత, నాకేం లేదు" అన్నాడు లింగస్వామి. వద్దండీ తీసేయండి, రేపు చర్చిలో జ్ఞాపకార్థ కూటం ఉంది, అందరూ చూస్తారు, ఆ చెయ్యేంటని అడుగుతారు, అంది జోస్నా. "సరే, కూసోండ్రి మరి" అని ప్లాస్టిక్ స్టూలు ఒకటి కాలితో ముందుకు తోశాడు.

గంట. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద, కోచింగ్ సెంటర్ల బోర్డులకూ చీరల షాపులకూ మధ్య ఇరుక్కున్న ఈ సందులో, శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఏ పనీ లేని గంట. ఇలాంటిది చివరిసారి ఎప్పుడు దొరికిందో జోస్నాకు గుర్తు లేదు. గంటంటే ఆఫీసులో పది క్లెయిములు. ఆస్పత్రి బిల్లులు చదివి, ఏ జబ్బుకు ఏ కోడో వేసి, బీమా కంపెనీకి పంపడం ఆమె ఉద్యోగం, ఒక్కోదానికి ఆరు నిమిషాలు, ఏడో నిమిషం పడితే తెర మీద ఎర్రగీత వస్తుంది. ఇంట్లో గీతలు రావు గానీ అక్కడా అంతే. వారానికి సరిపడా కూరగాయలు ఆదివారమే తరిగి డబ్బాల్లో పెట్టడం, పళ్లు తోముకుంటూ పాప స్కూలు డైరీ చదవడం, అన్నం కుక్కర్ మూడు కూతలు వేసేలోపు స్నానం, లిఫ్టులో జడ. భర్త జాన్సన్ నవ్వేవాడు. "నిద్రల గూడ ఏదన్న పని పెట్టుకో జోస్నా, ఎనిమిది గంటలు ఖాలీగ పోతున్నయ్" అనేవాడు. ఎనిమిదెక్కడివి, ఐదున్నర. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. డిగ్రీ అయితే కష్టం తీరుతుందని అమ్మ అనుకుంది. తీరింది, నిజంగానే తీరింది, బరువులు మోసే పని లేదు, ఎండ లేదు, ఏసీ. కష్టం పోయిన చోట తొందర వచ్చి కూర్చుంది, అంతే. అది ఎవరికైనా చెబితే నవ్వుతారు.

చెయ్యి ఊరుకోదు కదా, బ్యాగులోంచి ఫోను తీసింది. ఆఫీసు మెయిలు చూసి, కరెంటు బిల్లు కట్టి, పాప యూనిఫాం కొలతలు టైలరుకు పంపింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు. వేలు దానంతటదే కిందికి, కిందికి జారి, యాభై రోజులుగా ఎవరూ రాయని ఒక పేరు దగ్గర ఆగింది. అమ్మ. ఆ పేరు మొన్నటిదాకా అన్నిటికంటే పైన ఉండేది. స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పాలబ్బాయి, గ్యాసు, అందరూ ఒక్కొక్కరే వచ్చి అమ్మను కిందికి నెట్టేశారు. తెరిచింది. ఎడమవైపు అమ్మ వాయిస్ మెసేజ్, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. కుడివైపు తన జవాబు, బొటనవేలు బొమ్మ. మళ్లీ ఎడమవైపు నాలుగు నిమిషాలు. మళ్లీ బొటనవేలు. పైకి తోసినకొద్దీ అదే, అమ్మ మాట, తన వేలు, అమ్మ మాట, తన వేలు. చదువు రాని అమ్మకు ఆ వేలంటే ఎంతో ఇష్టమని పక్కగది సైదమ్మ దినం రోజు చెప్పింది. "గా ఏలు బొమ్మ వచ్చిందంటే సాలు, నాకు తెచ్చి చూపెట్టేది. నా బిడ్డ ఇన్నదంట, మంచిగున్నదంట అని."

ఇన్నదంట.

అమ్మకు ఈ మెసేజీల పిచ్చి పట్టింది మార్కెట్ పోయినప్పుడు. ఇరవై ఆరేళ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో పనిచేసింది కాంతమ్మ. లారీ దిగిన బత్తాయిలు కుప్ప పోస్తే మచ్చ ఉన్నవి ఏరి పక్కన పడేసి, మంచివి లెక్కపెట్టి గడ్డి పరిచిన పెట్టెల్లో పేర్చడం. జుట్టులో గడ్డి, చీర మడతల్లో గడ్డి, ఒళ్లో పడుకుంటే బత్తాయి తొక్క వాసన. లెక్కలో ఒకటి అనేది కాదు, మార్కెట్లో ఎవరూ అనరు, మొదటి పండుకు లాభం అనాలి, తర్వాతే రెండు, మూడు. జోస్నా ఒకటో తరగతిలో లాభం, రెండు, మూడు అని చదివి టీచరు చేత తొడపాశం తిన్నది. రెండువేల ఇరవై ఒకటిలో మార్కెట్‌ను ఊరవతలికి మార్చారు. అంతదూరం పోలేక అమ్మ చంపాపేట్‌లో మూడో అంతస్తు మీది రేకుల గదిలో కూర్చుండిపోయింది. నా దగ్గరికి రామ్మా అంటే, మా చర్చి ఇడిసి నేనెక్కడికొస్త అనేది. లేచిన దగ్గర్నుంచి ఖాళీ. బిడ్డకు నిమిషం లేదు, తల్లికి రోజంతా ఉంది. మెట్రోలో మాట్లాడటం కుదరదు, ఇట్ల నొక్కి పట్టుకో, మాట్లాడు, అయిపోయాక వేలు తియ్యి, నేను వీలున్నప్పుడు వింటా, అని ఒక ఆదివారం జోస్నానే నేర్పింది. అమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుని, చర్చిలో మైకు ముందు సాక్ష్యం చెప్పే మనిషిలా సర్దుకుని కూర్చుని, నొక్కింది.

ఆ తర్వాత రోజుకు నాలుగు. పాస్టరుగారు ఏం చెప్పారు, సైదమ్మ కోడలు ఎందుకు అలిగింది, టమాటలు ఎంతున్నాయి, కలలో నాన్న కనబడి సైకిల్ తాళం అడిగాడు. మెట్రోలో ఎల్బీనగర్‌లో ఎక్కితే అమీర్‌పేటలో మారేదాకా అవే. అన్నీ వినలేక, వినకుండా ఉండలేక సతమతమయ్యేది. ఒకరోజు వేలు తగిలి మెసేజ్ పక్కన వేగం అంకె ఉన్న చిన్న గుండ్రం మీద పడింది, అమ్మ గొంతు ఒక్కసారి ఉరికింది. ఇంకోసారి నొక్కితే రెండింతలు ఉరికింది. నాలుగు నిమిషాలది రెండు నిమిషాల్లో అయిపోయింది, ఒక్క మాట పోలేదు, అన్నీ అర్థమయ్యాయి. ఆ రోజు ఆమెకు ఎంత తేలికైందో. ఆ గుండ్రాన్ని మళ్లీ ముట్టుకోలేదు, మూడేళ్లు అది రెండు మీదే ఉండిపోయింది. ఆఫీసులో ఒత్తిడి తగ్గించుకోవడం మీద క్లాసు పెట్టినప్పుడు, చక్రపాణి అనే ఆయన వచ్చి, మీరు మీ సమయాన్ని ఎలా ఆదా చేస్తున్నారు, ఒక్కటి చెప్పండి అంటే, జోస్నా లేచి ఇదే చెప్పింది. నలభై మంది చప్పట్లు కొట్టారు. చూశారా, అమ్మను బాధపెట్టలేదు, పనినీ వదల్లేదు, అన్నాడాయన. ఆయనే ఊపిరి లెక్క కూడా నేర్పాడు. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, నాలుగు ఆపి, నాలుగు బయటికి, రోజుకు పది నిమిషాలు, గుండెదడ తగ్గుతుంది. దానికి వేరే పది నిమిషాలు ఎక్కడివి? రెండూ కలిపేసింది. మెట్రోలో కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుని, చెవిలో అమ్మ ఉరుకుతుంటే, తను నాలుగు లోపలికి, నాలుగు బయటికి.

తల మీదుగా రైలు పోయింది. షాపు అద్దాలు సన్నగా వణికాయి. లింగస్వామి తెరను పెద్దది చేసి అమ్మ భుజం మీద చిటికెనవేలు చెరుపుతున్నాడు. చెరిపిన చోట చీర అంచు మళ్లీ గీస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆపి, కళ్లద్దాలు పైకి తోసి, తెర దగ్గరికి మొహం పెట్టాడు.

"మేడం, గీమె గడ్డిఅన్నారం మార్కెట్ల ఉండె గదా? పండ్లు లెక్కపెడ్తుండె?"

"మీకెలా తెలుసు?"

"మా షాపు అప్పుడు మార్కెట్ గేటు కాడ్నే ఉండె. కాంతక్క! అయ్యో, గీమెనా పోయింది? ఎండకాలమొస్తే మా ఇంటికి మామిడిపండ్లు అక్క ఏరితేనే. లా...భం అని ఎంత సాగదీస్తుండెనో. నేను మజాక్ చేస్తుంటి, కాంతక్కా, నువ్వు రెండు అనేసరికి నా పండు మురిగిపోతది అని. మాగినంకనే తిను, కచ్చిది తింటవా, తొందరేందిర నీకు అనేది." నవ్వాడు, నవ్వు మధ్యలోనే తగ్గించుకున్నాడు. "మంచిగ మాట్లాడేది. నిమ్మళంగ. గిప్పటికీ చెవులనే ఉన్నది."

సాగదీసేదా? కాదండీ, మా అమ్మ గబగబా మాట్లాడేది, అని జోస్నా అనబోయింది. మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. ఈ నలభై రోజులూ అమ్మను తలుచుకున్నప్పుడల్లా వినబడుతున్న గొంతు సన్నగా, వడివడిగా, పిట్ట అరిచినట్టు ఉంది. తిన్నవాబిడ్డాపాపతిన్నదాజాన్సనొచ్చిండా. అది అమ్మ గొంతు కాదు. అది ఫోను గొంతు. పరాయివాడు, పండ్లు కొనుక్కున్నవాడు, ఆయన చెవుల్లో అమ్మ ఉంది, తన చెవుల్లో లేదు. చిన్నప్పటిదైనా రావాలి కదా అని వెతుక్కుంది. జ్వరమొచ్చినప్పుడు తలమీద చెయ్యి వేసి పాడిన పాట ఉంది, చెయ్యి ఉంది, బత్తాయి వాసన ఉంది, గొంతు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆ పిట్టే.

దవాఖానలో కూడా ఆ పిట్ట మాటే నమ్మింది. అమ్మ మెట్ల మీద కూలబడిపోయిందని సైదమ్మ ఫోను చేస్తే ఎల్బీనగర్ దవాఖానకు పట్టుకుపోయారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గుంటూరువైపు మనిషి. "ఆయాసం ఎన్నాళ్ల నుంచండీ?" అని అడిగింది. మూడు నాలుగు రోజులే అయ్యుంటుందండీ, అంది జోస్నా. "మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగిపోతున్నారా?" లేదండీ. రోజూ వింటాను నేను. గడగడా మాట్లాడుతుంది. ఎంత ధీమాగా చెప్పింది! రోజుకు పది బిల్లుల మీద ఆయాసం కోడు వేసే మనిషి. డాక్టరమ్మ అమ్మ వైపు వంగి, "అమ్మమ్మా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు, చూద్దాం" అంది. అమ్మ సర్దుకుని కూర్చుంది. లాభం. రెండు. మూడు. డాక్టరమ్మ నవ్వింది. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది రాలేదు. వేల వేల పండ్లు లెక్కపెట్టిన మనిషి ఏడు దగ్గర ఆగి, తప్పు చేసినట్టు బిడ్డ వైపు చూసింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. "ఇది నాలుగు రోజుల సంగతి కాదండీ. నెలల నుంచి ఉండుంటుంది, మీరు గమనించలేదేమో" అంది డాక్టరమ్మ, కసిరినట్టు కాదు, మామూలుగానే. తొమ్మిదో రోజు అమ్మ లేదు.

నెలల నుంచి. మూడో అంతస్తు. ఆదివారం, అమ్మ మాటల్లో ఐతారం, చర్చికి తీసుకుపోవడానికి కారు వీధి మొదట్లోనే ఆపి, అమ్మా కిందికి రా, ఇక్కడ పార్కింగ్ లేదు, అని ఫోను చేసేది. నువ్వెక్కుతే నీకు టైమైతది బిడ్డా, నేనే దిగుత, అనేది అమ్మ. పచ్చడి డబ్బా మర్చిపోతే మళ్లీ ఎక్కి మళ్లీ దిగేది. కారులో కూర్చున్నాక కాసేపు మాట్లాడేది కాదు. ప్రార్థన చేసుకుంటోందనుకునేది జోస్నా.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. వేలు గుండ్రం మీద పెట్టింది. రెండు అన్న అంకె మీద ఒక్కసారి నొక్కితే చాలు, ఒకటి అవుతుంది. ఒకటి కాదు, లాభం. ఆ అంకె మార్చింది. ఎప్పటిదో ఒక మెసేజ్, రెండేళ్ల కిందటిది, మొదట తగిలింది నొక్కింది.

"జోస్నా... వందనాలు బిడ్డా."

లింగస్వామి చెప్పినట్టే ఉంది. సాగదీసి, వెడల్పుగా, ఎండలో ఆరేసిన చీరలా ఉంది. జోస్నా స్టూలు మీద ముందుకు వంగిపోయింది. "తిన్నవా?" అంది అమ్మ. అని ఆగింది. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో బిందె దించిన చప్పుడు, అమ్మ ఏమీ అనలేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు. అప్పుడు, "ఆఁ... పాప బడికి పోయిందా?" మళ్లీ ఆగింది. ఫ్యాను. మళ్లీ "ఆఁ." ఆ ఖాళీ ఏంటో జోస్నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక చేతిలో ఫోను బరువెక్కింది. అమ్మ జవాబు కోసం ఆగుతోంది. నొక్కి పట్టుకుని మాట్లాడమంటే, అమ్మ మాట్లాడి, బిడ్డ చెప్పేదానికి జాగా విడిచి, చెప్పేసిందనుకుని ఆఁ కొట్టి, తర్వాతి మాట అందుకుంటోంది. ప్రతి మెసేజ్‌లోనూ. అవతల ఎవరూ లేరని తెలియక కాదు, తెలుసు. మాట్లాడటమంటే ఆమెకు అదే, అడిగిన తర్వాత వినాలి. రెండింతల వేగంలో ఆ జాగాలు దారిలో చిన్న గతుకుల్లా దాటిపోయేవి. మూడేళ్లు, రోజుకు నాలుగు, ఒక్కోదాంట్లో పదో పదిహేనో.

ఇంకోటి నొక్కింది. ఇంకోటి. కిందికి వచ్చేకొద్దీ, ఈ ఏడాదికి వచ్చేకొద్దీ, జాగాలు ఎక్కువయ్యాయి. ప్రశ్న లేని చోట కూడా అమ్మ ఆగుతోంది. "పాస్టరుగారు... ఇయ్యాల... కీర్తన..." ఫ్యాను చప్పుడు కింద ఇంకో చప్పుడు, పాత తలుపు మెల్లగా తోసినట్టు. "మెట్లెక్కితే... జర దమ్మొస్తుంది... ఏం లేదు తీ." దాని పక్కన, కుడివైపు, తన బొటనవేలు. పొద్దున ఎనిమిదీ పన్నెండుకు పంపింది. మలక్‌పేట దాటుతూ ఉండుంటుంది, కళ్లు మూసుకుని, నాలుగు లోపలికి, నాలుగు బయటికి. తన ఊపిరి లెక్కపెట్టుకుంటూ అమ్మ ఊపిరి వినలేదు. పోనీ ఇప్పుడైనా లెక్క తేలుతుందా అంటే అదీ లేదు, ఏ ఆగడం ఊపిరి అందక ఆగింది, ఏది తన జవాబు కోసం ఆగింది, ఎంత చెవి పెట్టినా విడదీయలేకపోతోంది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

చివరిది మిగిలింది. మెట్ల మీద కూలబడటానికి రెండు రోజుల ముందుది. రెండు నిమిషాల యాభై సెకన్లు. దీన్ని ఆ రోజు నిమిషన్నరలోపే విని, పాప షూ లేసు కడుతూ బొటనవేలు పంపింది.

"బిడ్డా... తిన్నవా?"

"తిన్ననమ్మా" అంది జోస్నా. పైకే అంది. పక్క కుర్చీలో పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చిన పిల్ల తలెత్తి చూసి మళ్లీ ఫోనులో పడింది.

"ఆఁ... ఏం కూర?"

"దొండకాయ."

"ఆఁ... ఉరుకులాడకు... మెల్లగ తిను... నీకు ఊపిరాడుతలేదు గా పనిల..." ఆగింది. పాత తలుపు. "జాన్సన్ మంచిగున్నడా?"

"మంచిగున్నడమ్మా. నువ్వెట్లున్నవ్?" అని అడిగింది జోస్నా. అమ్మ దానికి జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు ఇందులో జాగా లేదు.

సైదమ్మ కోడలు తిరిగొచ్చిందట. బత్తాయిలు కొందామంటే ధర పిరంగా ఉందట. చింతకాయ తొక్కు నూరిందట, డబ్బాలో పెట్టిందట. జోస్నా ప్రతిదానికీ ఆఁ కొట్టింది, అమ్మలాగే, సాగదీసి. కళ్లలోంచి కారేదాన్ని తుడుచుకోలేదు, తుడిస్తే చప్పుడుకు ఏదైనా మాట పోతుందేమోనని. ఎదురుగా లింగస్వామి వచ్చి నిలబడ్డాడు, చేతుల్లో ఫ్రేము. నల్లని అంచు, అద్దం మీద ట్యూబులైటు. అమ్మ నవ్వుతోంది. భుజం మీద ఏమీ లేదు. ఎవరూ ఎప్పుడూ చెయ్యి వెయ్యనట్టు తెల్లగా, చదునుగా ఉంది. ఆయన ఏదో అనబోయి, ఆమె పెదవులు కదలడం చూసి, ఫోనులో ఉందనుకుని, చేత్తోనే మాట్లాడుకొమ్మని సైగ చేశాడు. "మాట్లాడుకోండ్రి, తొందరేం లేదు" అని మెల్లగా అన్నాడు.

"బిడ్డా..." అంది అమ్మ. "ఐతారం... పైకొస్తవా? ఒక్కపారి... ఇంట్ల కూసోని... తినిపో."

ఆగింది. ఫ్యాను. ఊపిరి. ఒక సెకను, రెండు. జోస్నా నోరు తెరిచింది, ఒ... అనేలోపే అమ్మ తనే జవాబు చెప్పుకుంది. "సరే తీ. పనుంటది గదా. ఉంట బిడ్డా. వందనాలు." వేలు తీసిన చప్పుడు.

వెనక్కి జరిపింది. ఈసారి ముందే ఊపిరి పీల్చి పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. "ఐతారం... పైకొస్తవా?" మాట సగం పడింది, సగం అమ్మ మాట కింద నలిగిపోయింది. మళ్లీ వెనక్కి. లింగస్వామి ఫ్రేమును కౌంటరు మీద ఆనించి, ఇటు చూడకుండా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తల మీద రైలు వచ్చింది, పోయేదాకా ఆపి ఉంచింది, పోయాక నొక్కింది.

"ఒక్కపారి... ఇంట్ల కూసోని... తినిపో."

"ఒస్తనమ్మా. పైకే ఒస్త" అంది జోస్నా. ఈసారి సరిగ్గా పట్టింది, జాగా నిండా పట్టింది, ఒక్క మాట కూడా బయటికి పోలేదు.

"సరే తీ" అంది అమ్మ. "పనుంటది గదా."